పూసలు నిద్రపోయిన రోజులు

ఫిబ్రవరి 3, సోమవారం

ముందు సారును అడిగాను. "మోకాలు ఎట్లుంది సారూ?" "లేవగానే పట్టేస్తోందమ్మా, నాలుగడుగులు వేస్తే సర్దుకుంటోంది" అన్నారు. కోదండపాణి సారుకు అరవై దగ్గర పడ్డాయి, అడిగితే చెప్పడం ఆయనకింకా గుర్తుంది. తర్వాత లౌక్యను అడిగాను. హైదరాబాదు పిల్ల. భుజం తడుముకుని "నాకెట్ల తెలుస్తది అవ్వా, పూస పండుకుంది గదా" అంది. ఖాదర్ మా కర్నూలు పిల్లవాడే. "నిన్న గేటు కాడ నా ఆరోగ్యం అంకె ఎనభై ఎనిమిది ఉండె. ఈ పొద్దూ అంతే ఉంటాదిలే" అన్నాడు. సింహాద్రిది శ్రీకాకుళం పక్క. "నానెలాగున్నానో నాకేటి తెలుసవ్వా, నువ్వే సూసి సెప్పు" అని నాలుక బయటపెట్టి నిలబడ్డాడు. ఆఖరున హిరణ్మయి. ఆదోని దగ్గర పిల్ల. అడిగితే నవ్వలేదు. కళ్ళు మూసుకుని కాసేపు అట్లాగే నిలబడి, "ఎడమకాలి బొటనవేలు చల్లగా ఉందవ్వా. ఇది చెప్పొచ్చా?" అంది.

"చెప్పొచ్చు తల్లీ. అన్నీ చెప్పొచ్చు" అన్నాను.

చదువుకోసం యూనివర్సిటీ నుంచి వచ్చిన ఈ నలుగురి పూసలను గేటు దగ్గరే నిద్రపుచ్చుతారు. కాపలా మద్దిలేటి ఒక్కొక్కరి భుజానికి ఇనుప బిళ్ళ ఆనించి ఐదు లెక్కపెడతాడు. పుట్టిన మూడో రోజున భుజంలో పెట్టినప్పటి నుంచీ ఆ పూస లోపలి నుంచి ఆరోగ్య కార్యాలయంతో మాట్లాడుతూనే ఉంటుంది. జ్వరం రాకముందే మాత్ర ఇంటికొస్తుంది. లోయలో అది మాట్లాడితే, ఆకాశపు రేడియో వినడానికి నిలబెట్టిన మా పెద్ద ఇనుప గిన్నె చెవికి ఏమీ వినపడదు. అందుకని ఇక్కడున్నన్నాళ్ళూ వీళ్ళ ఒంటి సంగతి వీళ్ళు నోటితో చెప్పాలి, నేను అడిగి రాయాలి. నాకు పూస లేదు. అవి వచ్చేనాటికే నాకు ముప్పై దాటాయి, మా పక్క పిల్లలకు మాత్రమే వేశారు. ఈ కొలువు అందుకే ఇచ్చారు. మూడో తరగతి చదువుకు ఇంకెవరిస్తారు.

రిజిస్టరులో పేరుకెదురుగా రెండు మాటల్లో ఒకటే రాయాలి. బాగుంది, లేదా బాగాలేదు. ఇంకొక్క అక్షరం రాయకూడదు. పోయినేడు ఒకబ్బాయికి ఎక్కిళ్ళు ఆగకపోతే భయపడి, నా మెడలో ఉండే తాళంచెవి అతని భుజానికి పెట్టి తిప్పి పూసను లేపేశాను. ఎగిరే ఆస్పత్రి వచ్చి గిన్నె పక్కనే దిగింది. దాని రేడియో రొదకు గిన్నె చెవి కాలిపోయింది. బాగు చేయడానికి పది నెలలు పట్టింది. ఆ పిల్లలెవరికీ పట్టా రాలేదు. ఆ అబ్బాయి ఎక్కిళ్ళు మాత్రం లోపలికి ఎక్కించకముందే ఆగిపోయాయి. యూనివర్సిటీ వాళ్ళు కాగితం పంపారు. సుంకులమ్మ తన ఆందోళనలను రిజిస్టరులో నమోదు చేయరాదు, ఈ ఏడాది విద్యార్థుల పటం పూర్తి కాని పక్షంలో గిన్నెను శాశ్వతంగా మూసివేయడం జరుగుతుంది అని.

అందుకే ఆందోళనలు ఈ నోటుబుక్కులో రాసుకుంటున్నాను. వంటింటి దూలానికి చెద పట్టింది. పిల్లలు పడుకునే గది అదే వరుసలో ఉంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

మొదటి గీత. గిన్నె చక్రానికి గ్రీజు నేనే పెట్టాను. ఖాదర్, సింహాద్రి చెరోపక్క పట్టుకుని ఒక పన్ను తిప్పారు. అంతే, ఇక రేపటిదాకా గిన్నెను ముట్టకూడదు. ఆకాశమే దానిమీదుగా నడిచిపోతుంది. గిన్నె విన్నది కలం కాగితం మీద గీస్తుంది, రోజుకొక గీత, పది రోజులకు పది గీతలు. అన్నీ పక్కపక్కన పెడితే పాలపుంత పటం అవుతుంది. ఒక్క గీత లేకపోయినా పటం కాదు, పటం లేకపోతే పట్టా లేదు.

లౌక్య పొయ్యి దగ్గర లైటరు పట్టుకుని కనిపించింది. లాక్కున్నాను. ఆ చిన్న నిప్పురవ్వ కూడా గిన్నెకు పిడుగులాగా వినపడుతుంది. సంచీలో ఎట్లా దాగిందో తనకే తెలియదట. ఇనుప పెట్టెలో వేసి అగ్గిపెట్టె ఇచ్చాను. పుల్ల గీయడం రాలేదు దానికి. ఆరు పుల్లలు విరగ్గొట్టింది. సింహాద్రి పక్కన నిలబడి "గెలాక్సీని గీత్తాది గానీ పుల్లని గియ్యలేదు" అన్నాడు. నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు, ఇంకెవరి సంచీలో ఏముందోనని.

రిజిస్టరులో అందరికీ: బాగుంది.

ఫిబ్రవరి 5, బుధవారం

సారు పాఠం చెప్తుంటే బియ్యం ఏరుతూ విన్నాను. ఆకాశం నిండా హైడ్రోజన్ అనే గాలి ఉందట. అది సన్నగా ఒకే శ్రుతిలో పాడుతూ ఉంటుందట. మనవైపు వస్తుంటే ఆ శ్రుతి కొంచెం పెరుగుతుంది, దూరం పోతుంటే తగ్గుతుంది. కాగితం మీద కలం గీసే ఒక్కో గుబ్బ ఒక్కో మేఘం అని చెప్పారు.

పిల్లలకు అర్థం కాలేదు. సారు ఈల బిగించిన రబ్బరు గొట్టం తెప్పించి, మైదానంలో సింహాద్రి చేత తలమీదుగా గిరగిరా తిప్పించారు. మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని ఈల దగ్గరికొస్తోందో దూరం పోతోందో చెప్పాలి. లౌక్య, ఖాదర్ సగం తప్పులు చెప్పారు. హిరణ్మయి ఒక్కటీ తప్పలేదు. సింహాద్రి మోసం చేసి మధ్యలో తిప్పడం ఆపేస్తే "ఇప్పుడు నిలబడిపోయింది" అంది.

"ఈ పిల్ల చెవి గిన్నెకు పెట్టుకోవచ్చు" అన్నారు సారు.

ఆ గొట్టం ఎవరి కంటికి తగులుతుందోనని నేను బియ్యం రెండుసార్లు ఏరాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

హిరణ్మయి పొద్దున సంగటి ముట్టలేదు. "బాగుండావా?" అంటే "బాగుండానవ్వా" అంది. ఈ నాలుగు రోజులూ చల్లటి వేలు, దురద పెట్టే చెవి, అన్నీ చెప్పిన పిల్ల ఒక్క మాటతో ఊరుకుంటే నాకు అనుమానం వచ్చింది.

"ఏం ఉంది, చెప్పు."

"బొడ్డు కాడ ఏందో ఉందవ్వా."

"నొప్పా?"

"నొప్పంటే ఇదేనా? ఇంతసేపు ఉంటాదా? నాకు ఎప్పుడూ రెండు నిమిషాల కన్నా లేదు. ఆకలేమో అనుకున్యా."

ఇరవై ఏళ్ళ పిల్లకు కడుపునొప్పికీ ఆకలికీ తేడా తెలియదు. తెలియాల్సిన అవసరం ఎవరూ రానివ్వలేదు. వాము నీళ్ళు కాచి ఇచ్చాను. నా వంట పడలేదేమో, నూనె పాతదేమో అని డబ్బా వాసన చూశాను, మళ్ళీ చూశాను.

సారు దగ్గరికి పోయి చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"సుంకులమ్మా, పోయినేడు ఎక్కిళ్ళు. అంతకుముందేడు తేలు కుట్టిందని లోయంతా లేపావు, చూస్తే కంపముల్లు. నువ్వు మంచిదానివి, నాకు తెలుసు. కానీ ఈ గిన్నె పోతే మళ్ళీ ఏ పిల్లకూ ఆకాశం ఇట్లా చూపించలేను. ఇదొక్కటే మిగిలింది."

అయినా లేచి వచ్చి ఆ పిల్లను అడిగారు. ఆయన ముందు ఆ పిల్ల నిటారుగా నిలబడి "ఏం లేదు సార్, ఇప్పుడు తక్కువే" అంది.

రిజిస్టరులో రాశాను: బాగుంది.

ఫిబ్రవరి 8, శనివారం

నొప్పి కుడివైపుకు జరిగింది. పిల్ల నడుం వంచి నడుస్తోంది. రెండుసార్లు వాంతి చేసుకుంది, అందరూ గిన్నె దగ్గరికి పోయాక, వంటింటి వెనక. నేను చూశానని తెలిశాక నా చేయి పట్టుకుంది. చేయి వేడిగా ఉంది.

మెడలో తాళం బయటికి తీశాను.

"వద్దవ్వా" అంది. "రేపటి గీత నాది. పాలపుంత చెయ్యి అడ్డంగా వచ్చేది రేపే. సారు నాకే ఇచ్చినారు."

"గీత పోతే పోనీ తల్లీ."

"నా ఒక్కదాని గీత కాదు. చెవి కాలితే నలుగురికీ పట్టా పోతాది. పోయినేటి వాళ్ళ మాదిరి. కొడుక్కి పట్టా వస్తాదని ఖాదర్ వాళ్ళ నాయన ఊరంతా చెప్పుకున్యాడంట. ఎక్కిళ్ళకే లేపిందంట అవ్వ అని గేటు కాడ నవ్వుతాండ్రి. నన్ను కూడా అట్ల చెప్పుకోవాల్నా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజం రాస్తున్నాను, ఈ నోటుబుక్కు ఉన్నదే అందుకు. ఆ పిల్ల మీద జాలికన్నా ఆ నవ్వు నన్ను ఎక్కువ ఆపింది. ముప్పై ఏళ్ళుగా నేను భయపడినవేవీ జరగలేదు. పాము రాలేదు, దూలం కూలలేదు, ఎక్కిళ్ళకు ఎవరూ పోలేదు. నాది భయం కాదు, అలవాటు అని అందరూ అంటారు. ఈ ఒక్కసారి భయపడకుండా ఉండి చూద్దామనుకున్నాను.

తాళం రవికెలోకి వేసుకున్నాను. ఆ పిల్ల నన్ను నమ్మి కళ్ళు మూసుకుంది.

రిజిస్టరులో రాశాను: బాగుంది. అక్షరాలు వంకరపోయాయి.

ఫిబ్రవరి 9, ఆదివారం

తగ్గింది.

నేను అడగకముందే తనే వంటింట్లోకి వచ్చింది. "పోయిందవ్వా. పొద్దున ఉన్నట్టుండి పోయింది. ఎవరో లోపల ముడి విప్పినట్టుండాది." ముఖం పాలిపోయి ఉంది గానీ నవ్వుతోంది. గంజి రెండు గుక్కలు తాగింది. నేను పీట వేసుకుని పక్కనే కూర్చున్నాను.

"సూసినావా అవ్వా, నువ్వు బెంగెట్టుకోకపోతే రోగాలే భయపడి పారిపోతన్నాయి" అన్నాడు సింహాద్రి. వాడి వీపు మీద ఒకటి వేశాను.

మధ్యాహ్నం హిరణ్మయి గీత వచ్చింది. సారు కాగితం చుట్ట విప్పి బల్ల మీద పరిచారు. ఒక గుబ్బ, పక్కన ఇంకొకటి, వాటికి దూరంగా చిన్నది మూడోది. అది పాలపుంత సుడిలో దూరపు చెయ్యి అట. ఇన్నేళ్ళలో ఇంత శుభ్రంగా ఏ పిల్లలకూ పడలేదట. హిరణ్మయి కాగితం మీద వేలు పెట్టి, "ఇది మననుంచి దూరం పోతాంది" అంది. ఆ తర్వాత అలిసిపోయానని గోడకు ఆనుకుని కూర్చుంది. అలిసిపోయిందనే నేనూ అనుకున్నాను.

రిజిస్టరులో రాశాను: బాగుంది. ఈ మూడు రోజుల్లో అక్షరాలు తిన్నగా పడింది ఇదొక్కటే. మధ్యాహ్నం గంటసేపు నిద్రపోయాను కూడా.

ఫిబ్రవరి 10, సోమవారం

పొద్దున వరుసగా అందరినీ అడుగుతూ ఆ పిల్ల దగ్గరికి వచ్చేసరికి మంచం దిగలేదు. "బాగుండావా?" అంటే "చలిగా ఉందవ్వా" అంది. ఒళ్ళు కాలుతోంది. కడుపు మీద చేయి వేశాను. చెక్కలాగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. యాభై ఏళ్ళ కిందట మా తోడికోడలు సుబ్బలక్ష్మికి ఇట్లాగే రెండు రోజులు కుడిపక్క నొప్పి, మూడో రోజు హాయిగా తగ్గింది, లేచి జొన్నలు దంచింది, నాలుగో రోజు పోయింది. లోపల పేగుకున్న తోక పగిలితే నొప్పి కాసేపు పోతుందని, అది తగ్గడం కాదని, పట్నం డాక్టరు తర్వాత చెప్పాడు. తర్వాత చెప్పి ఏం లాభం. ఆ సంగతి నాకు తెలుసు. ఈ లోయలో నాకొక్కదానికే తెలుసు. పూసలున్న ఈ పిల్లలు ఎవరూ అంతదాకా నొప్పిని చూడలేదు. నిన్న ఆ పిల్ల ముడి విప్పినట్టుంది అన్నప్పుడు నాకెందుకు గుర్తు రాలేదు. తగ్గాలని కోరుకున్నాను కాబట్టి రాలేదు.

తాళం బయటికి లాగాను. తొందరలో తాడు తెగింది. సారు గుమ్మంలోకి వచ్చి చూశారు. నేను ఏమీ అనకముందే "తిప్పమ్మా, తిప్పు" అన్నారు.

తిప్పాను. పూస లేచింది. అవతల గదిలో కలం కాగితం చివరి దాకా ఎగిరి అక్కడే కొట్టుకుంటూ ఉండిపోయిందని తర్వాత ఖాదర్ చెప్పాడు. ఎగిరే ఆస్పత్రి నలభై నిమిషాలకు వచ్చింది. ఆ నలభై నిమిషాలూ లౌక్య ఆ పిల్ల కాళ్ళు పట్టుకుని కూర్చుంది.

ఎక్కించేటప్పుడు ఆ పిల్ల నన్ను అడిగింది, "చెవి కాలిందా అవ్వా?"

"లేదు తల్లీ" అన్నాను. కాలిపోయింది.

రిజిస్టరులో: బాగాలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

మద్దిలేటి బండి తోలుకుని వచ్చాడు. బండి దిగి తలగుడ్డ తీసేసరికే తెలిసిపోయింది. నిన్న సాయంత్రం పోయిందట. ఒక్క రోజు ముందు తెచ్చి ఉంటే అన్నారట ఆస్పత్రిలో.

మిగతా ముగ్గురూ మద్దిలేటి బండిలోనే వెళ్ళిపోయారు. ఖాదర్ ఎక్కుతూ "నీ తప్పేం లేదులే అవ్వా" అన్నాడు. వాడు నొప్పి అంటే తెలియని పిల్లవాడు, ఏది ఎవరి తప్పో వాడికేం తెలుసు. సింహాద్రి ఎక్కలేదు. గేటు దాకా బండి వెనకే నడిచి, అక్కడ ఎక్కాడు.

అన్నం వండాను, ఆరుగురికి. చేయి అలవాటున పోసేసింది. అట్లాగే ఉంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

యూనివర్సిటీ నుంచి ఇద్దరు వచ్చారు. పెద్దాయన, ఆయన వెంట ఒక కుర్ర గుమాస్తా. రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చూసుకుంటూ పోయారు.

"తొమ్మిదో తారీఖు బాగుంది. పదో తారీఖు బాగాలేదు, అదే గంటలో తాళం తిప్పారు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది" అన్నారు పెద్దాయన. ఆయన గొంతులో బరువు దిగినట్టు తెలిసింది.

"ఏడో తారీఖే నొప్పి ఉండె నాయనా" అన్నాను.

"అది ఇక్కడ లేదమ్మా."

"రాయొద్దని కాగితం పంపిండేది మీరే కదా."

గుమాస్తా నేల చూశాడు. నేను ఎనిమిదో తారీఖు మీద వేలు పెట్టి "ఇది అబద్ధం. నేనే రాసినా. కొట్టేసి మళ్ళీ రాస్తా" అన్నాను. రిజిస్టరు మూసి సంచీలో పెట్టుకున్నారు. దిద్దడానికి నియమం ఒప్పుకోదట.

పోతూ గిన్నె చక్రానికి గొలుసు వేసి సీలు కొట్టారు. సారు దూరంగా నిలబడి చూశారు. హిరణ్మయి గీత ఒక్కటి చుట్టి చంకలో పెట్టుకుని ఉన్నారు. అది కూడా ఇమ్మన్నారు. ఇచ్చేశారు.

శిక్ష పడుతుందేమోనని ఈ రెండు రోజులూ భయపడ్డాను. ఎవరికీ ఏ శిక్షా లేదు. నేను రాసిన ఏడు మాటలు అందరినీ కాపాడాయి, ఆ పిల్లను తప్ప.

ఫిబ్రవరి 17, సోమవారం

ఉత్తరం వచ్చింది. చేత్తో రాసింది. ఈ రోజుల్లో ఎవరూ రాయరు కదా, అక్షరాలు నావికన్నా తడబడ్డాయి. ఆ పిల్ల తల్లి, కళావతమ్మ.

"మా ఇంట్లో గోడ మీద మా పాప అంకె ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ ఉంది. రెండో తారీఖు తొంభై ఒకటి చూశాను. ఆ తర్వాత అంకె బదులు ఉత్త అడ్డగీత. పదో తారీఖు పొద్దున మళ్ళీ అంకె వచ్చింది, పదకొండు. తొంభై ఒకటికీ పదకొండుకీ మధ్య ఏం జరిగిందో ఎవరూ చెప్పడం లేదు. బాగుంది అని ఏడుసార్లు రాసిన కాగితం పంపారు. మీరు పాపను రోజూ నోటితో అడిగేవారట. నేను దాన్ని ఒక్కరోజు కూడా అట్లా అడగలేదు, గోడ చూసేదాన్ని. అది మీకు ఏమేం చెప్పిందో దాని మాటల్లోనే నాకు కావాలి. నేను వస్తాను. గిన్నె మూసేశారని విన్నాను, అయినా గేటు దగ్గర నా పూసను కూడా నిద్రపుచ్చమనండి."

సారుకు చదివి వినిపించాను. ఆయన మోకాలు పట్టుకుని కూర్చున్నారు.

"బాగుందనే చెప్పమ్మా. ఆఖరు దాకా బాగుంది, నొప్పి తెలియలేదు అని చెప్పు. ఆమెకు అదొక్కటే మిగిలింది. నీకైనా నాకైనా ఇంకో మాట చెప్పే ధైర్యం ఉందా?"

"ధైర్యం లేదు సారూ" అన్నాను. "ఆమె చేతికి ఇది ఇచ్చి ఎదురుగా కూర్చుంటా."

ఆయన ఈ నోటుబుక్కు వైపు చూశారు. ఇందులో తన మాటలు కూడా ఉన్నాయని ఆయనకు తెలుసు. తీసేయమని అడగలేదు. "ఆ రోజు నేనూ ఉంటాను" అన్నారు.

నాకు ఇప్పటి నుంచే నిద్ర పట్టడం లేదు. ఆమె తిడుతుందా, కొడుతుందా, ఏడుస్తుందా, ఏమీ అనకుండా ఎనిమిదో తారీఖు దగ్గర ఆగి నా వైపు చూస్తుందా. అన్నిటికన్నా అదే భయంగా ఉంది. ఆమెకు ఏం వండాలో తెలియడం లేదు. ఈ ఇంట్లో ఆమె తింటుందో లేదో.

బదులు రాసి మద్దిలేటికి ఇచ్చాను. ఆమె వచ్చేది ఫిబ్రవరి 22, శనివారం. పొద్దున తొమ్మిదికి బండి గేటు దగ్గర ఉంటుంది.